పెండ్లిజడ కొన పదవ తరగతి నాటిది

వేములవాడ నుండి కోరుట్లకు పోవు బాటలో చందుర్తి దాటిన పిదప వచ్చు రుద్రంగి, 2016 అక్టోబరు 11న మండల కేంద్రమైన నాటి నుండి కాగితములపై రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందినదే యైనను, పెండ్లి పనుల విషయమున మాత్రము ఏ ఒక్క జిల్లా హద్దునకును లోబడినది కాదు; చీరలకు సిరిసిల్లకు, నగలకు కోరుట్లకో జగిత్యాలకో, మ్రొక్కు చెల్లించుటకు వేములవాడ రాజన్న గుడికో కొండగట్టు అంజన్న సన్నిధికో, ఇక ఇటీవలి కాలమున పెండ్లికూతురి జుట్టు చక్కబెట్టించుటకు ఆ పట్టణములలోని బ్యూటీ పార్లర్లకు ఇచ్చటి కుటుంబములు ప్రయాణము కట్టుచున్నవి. ఆ కడపటి ప్రయాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని చాలకాలముగా నా మనస్సులో కలదు. ఇది ఆడవారి అలంకారమునకు సంబంధించిన స్వల్పవిషయమని త్రోసివేయువారు సయితము తుదివరకు చదువవలెనని కోరుచున్నాను. ఏలయన, తరచి చూచిన కొలది ఈ విచారము జుట్టుతో ఆరంభమై నెత్తుటి వద్దకు వచ్చి చేరినది.

మా ప్రాంతమున పెండ్లి కుదురు తీరు ఎల్లరు ఎరిగినదే. వరుడు దుబాయిలోనో మస్కటులోనో సౌదీలోనో కష్టము చేసికొనుచుండును; పెద్దలు మాట్లాడుకొందురు; చూపులు ఫోనులోనే ముగియుట ఇప్పుడు వింత కాదు; వరపూజ జరిగిన పిమ్మట అతనికి సెలవు దొరకి, మూఢము లేని మంచి లగ్నము కుదురు నాటికి నడుమ మూడు మొదలు ఆరు మాసముల వ్యవధి చిక్కును. ఆ వ్యవధిలో ఇంటి ఆడవారి కన్ను మొదట పడునది పిల్ల జుట్టు మీద. "పెండ్లి నాటికి జెడ నిండుగుండాలె బిడ్డా, ఇప్పటిసంది మంచిగ చూసుకోవాలె" అని మేనత్త యనును. "ఏం జెడనే, ఎంటికెలన్ని దువ్వెనకే వస్తున్నయి" అని తల్లి వాపోవును. ఆ కోరికలో దోషము లేదు. బిడ్డను అత్తవారింటికి పంపునపుడు ఆమె నిండుగా, కళగా కనబడవలెనను తల్లి ఆశను తప్పుపట్టుటకు నేను ఈ కలము పట్టలేదు. ఆ ఆశ ఏ త్రోవన పోయి ఎక్కడ నష్టపడుచున్నదో చూపుటయే నా ఉద్దేశము.

మొదట ఒక చిన్న లెక్క చూడవలెను. తలవెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు, మహా యైనచో ఒకటింబావు సెంటీమీటరు పెరుగును. ఏ నూనె రాచినను, ఏ ఆకు నూరి పట్టించినను, సీసాపై ఎంత గొప్ప వాగ్దానము అచ్చువేసినను ఆ నడక వేగపడదు. ఆరు మాసములలో వచ్చునది నాలుగు వ్రేళ్ళ వెడల్పు మాత్రమే. నడుమును తాకు జడ 75 సెంటీమీటర్లున్నదనుకొందము. అది ఐదారేండ్ల పంట. అనగా ఇరువది యొకటవ ఏట పెండ్లిపీటపై కూర్చున్న బాలిక జడకొన, ఆమె పదవ తరగతి చదువుచున్న నాడు కుదురు నుండి వెలికి వచ్చినదన్నమాట. ఆ కొనను చేతబట్టి పైపైకి వ్రేలు నడిపించుకొని పోయినచో ఆమె యౌవనమంతయు ఆ జడలో వరుసగా తగులును: పరీక్షల నాటి నిద్రలేమి, కాలేజీకి బస్సులో నిలబడి పోయి వచ్చిన దినములు, ఒక వానాకాలపు జ్వరము, తల్లికి తోడుగా బీడీల చాట ముందు కూర్చున్న సాయంకాలములు, తమ్మునికి గ్రుడ్డు పెట్టి తనకు పచ్చడి వేసికొన్న రాత్రులు. ఏ నెలలో దేహమునకు అన్నము చాలకపోయెనో ఆ నెలలో పెరిగిన వెంట్రుక సన్నగిలినది. పెండ్లికి ఇరువది దినములు ముందుగా పట్టణము పోయి ఒక పూట కూర్చున్నంత మాత్రమున ఐదేండ్ల ఆ చరిత్ర మారదు.

ఇంకొక సంగతి. వెంట్రుక ఒకసారి చర్మము దాటి వెలికి వచ్చినచో అది నిర్జీవము. దానికి ఆకలి లేదు, దప్పిక లేదు. దానికి 'ఆహారము' పెట్టుదుమని ప్రకటించు లేపనములన్నియు నిర్జీవమునకు నైవేద్యము పెట్టుచున్నవే. జీవమున్నది కుదురులో, ఆ కుదురునకు తిండి చేరునది నెత్తుటి ద్వారముననే. మన ఆయుర్వేదము రోమములను నఖములను అస్థిధాతువు యొక్క మలములుగా, అనగా దేహము తన ధాతువులను పోషించుకొనగా మిగిలిన శేషముగా గణించినది. నేటి శరీరశాస్త్రపు భాష వేరు గాని, ఆ భావములోని తర్కము నాకు మిక్కిలి నచ్చును: దేహమునకు చాలినచోనే జుట్టునకు మిగులును. గుండెకు, కాలేయమునకు, కండరములకు చాలనినాడు దేహము మొట్టమొదట కోత పెట్టునది జుట్టునకే. అది లేకున్నను ప్రాణము నిలుచును గనుక.

ఇట్లుండగా మన పెండ్లిండ్లలో నేడు జరుగుచున్నదేమి? ముహూర్తమునకు మూడు నాలుగు వారముల ముందు స్ట్రెయిటెనింగ్ అనియు, స్మూతనింగ్ అనియు, కెరటిన్ అనియు పేర్లు గల ప్రక్రియలకు వేలకు వేలు చెల్లించుచున్నారు. వెంట్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. అందలి గంధకపు బంధములే వెంట్రుకకు వంపును బలమును ఇచ్చునవి. స్ట్రెయిటెనింగ్ నందు రసాయనము పూసి ఆ బంధములను త్రెంచి, కాగిన ఇనుప పలకల నడుమ వెంట్రుకను సాగదీసి, పిదప మరియొక రసాయనముతో వానిని క్రొత్త వరుసలో అతికింతురు. కొన్ని దినములు జుట్టు నీరు కారినట్లు నిగనిగలాడును. నిజమే. కాని త్రెగిన బంధములన్నియు మరల కూడవు. కొన్ని మాసములకు వెంట్రుక మధ్యలో విరుగుట, కొనలు చీలుట మొదలగును. అప్పటికి వరుడు సెలవు ముగించుకొని మస్కటు చేరియుండును, ఆ విరిగిన జుట్టును చూచుకొని బాధపడునది అత్తవారింట ఒంటరిగా మిగిలిన క్రొత్త కోడలు.

జుట్టు విరుగుటతో పోయినచో ఇంత చెప్పవలసిన పని లేదు. కెరటిన్ ప్రక్రియకు వాడు ద్రావణములు కొన్నింటి నుండి, వేడి తగిలినంతనే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వెలువడును. కండ్లు మండి, గొంతు పట్టి, ఊపిరి యాడనట్లగుట దాని వలననే. ఆ పదార్థము మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో తీర్మానించినది. అమెరికాలో 33,497 మంది స్త్రీలను పెక్కేండ్లు గమనించిన ఒక అధ్యయనము 2022లో ప్రకటింపబడినది. జుట్టును నిటారు చేయు రసాయనములను ఏడాదికి నాలుగు మారులకు మించి వాడిన స్త్రీలలో గర్భాశయ క్యాన్సరు, వాడని వారికంటె రెండింతలకు పైగా కనబడినదని అందు తేలినది. అది సంబంధమును చూపినదే గాని కారణమును రుజువు చేసినది కాదు. ఒక్క పెండ్లికి ఒక్కసారి చేయించుకొన్న బాలికకు అంతటి ప్రమాదమున్నదని భయపెట్టుటయు న్యాయము కాదు. అయినను ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పి దానికి మారుగా వాడుచున్న గ్లయాక్సిలిక్ ఆమ్లము తలచర్మము ద్వారా లోపలికి ఇంకి మూత్రపిండములను దెబ్బతీయుచున్నదని 2024లో ఫ్రాన్సు వైద్యులు ఒక ఇరువది యారేండ్ల యువతి ఉదంతముతో సహా వెల్లడించిరి. ఆమెది మన పెండ్లికూతుళ్ళ ఈడే.

పార్లరు నడుపుకొను స్త్రీలపై నాకు కోపము లేదని ఇచ్చటనే చెప్పవలెను. కుట్టుమిషనుతోనో, అలంకార విద్యతోనో తమ కాళ్ళపై తాము నిలుచుచున్న మన యింటి ఆడబిడ్డలు వారు. వధువు ఆ ఆవిరిని ఒక పూట పీల్చును. వారు కిటికీలు మూసి ఏసీ వేసిన చిన్నగదిలో దినమంతయు, ఏడాదంతయు పీల్చుచుందురు. పూలజడ అల్లుటలో, ముడి దిద్దుటలో, పాపిడిబిళ్ళ నిలుపుటలో వారి నేర్పునకు ఎంత యిచ్చినను తక్కువయే. ఆ నేర్పునకు కూలి పెంచి, ఆ రసాయనమునకు మాత్రము వద్దని చెప్పిన నాడు వారి ఊపిరితిత్తులకును మేలు చేసినవారమగుదుము.

పాత పద్ధతి అంతయు అమృతమనియు నేను చెప్పబోను. తలకు నూనె పెట్టినందున వెంట్రుక పొడవు పెరుగదు. ఈ మాట విని మా పెద్దలు నొచ్చుకొన్నను నిజము నిజమే. కాని నూనె చేయు పని వేరొకటి కలదు. తలస్నానమునకు ముందు పెట్టిన కొబ్బరినూనె వెంట్రుకలోనికి ఇంకి, నీరు త్రాగి ఉబ్బుట వలన మాంసకృత్తు కోల్పోవుటను తగ్గించునని ప్రయోగములలో తేలినది. అనగా నూనె పెంచునది కాదు, కాపాడునది. ఇల్లు కాపాడు ముసలివారికి ఇచ్చునంతటి మర్యాద దానికిని ఇచ్చినచో చాలును. కుంకుడుకాయ సంగతియు అట్టిదే. గింజ తీసి, వేడినీట నానబెట్టి, పిసికి, నురుగు వడగట్టి పోయునపుడు కండ్లు మండునని పిల్లలు పారిపోవుదురు గాని, మా వైపు బోరు నీటి కాఠిన్యమునకు సబ్బు విరిగి తెల్లని మడ్డిగా జుట్టునకు అంటుకొనుచుండగా, కుంకుడు నురుగు అట్లు విరుగదు. మెంతులు నానబెట్టి రుబ్బిన ముద్దయు, మందారపు ఆకు జిగురును వెంట్రుకను మెత్తబరచును. మెత్తబరచుటతో వాని పని ముగియును. అంతకు మించి వానిపై భారము మోపరాదు.

ఈ సందర్భమున ఒక మాట జ్ఞప్తికి వచ్చుచున్నది. నేడు చిన్న పొట్లములలో మన కిరాణాకొట్లలో వ్రేలాడు 'షాంపూ' యొక్క పేరు ఇంగ్లాండులో పుట్టినది కాదు. 'చాంపో', అనగా మర్దింపుము, ఒత్తుము అను హిందీ మాట యది. పట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున బ్రైటన్ పట్టణములో ఆవిరి స్నానశాల నెలకొల్పి, ఈ దేశపు మర్దనమును ఆ దేశపు రాజులకు సయితము రుచి చూపెను. ఆ మాటలో మొదట ఉన్నది మనుష్యుని చేయి. సీసాలోని ద్రవము తరువాత వచ్చి చేరినది. మా చిన్ననాట ఇంటి అరుగుపై మెట్లు మెట్లుగా కూర్చుండి, నాయనమ్మ తల్లి తలకు, తల్లి అక్క తలకు, అక్క చెల్లెలి తలకు నూనె రాచి, ఈర్పెనతో పేలు దువ్వుకొను దృశ్యము ప్రతి వాడలోను కనబడెడిది. ఆ గంటసేపు పెండ్లి కుదిరిన పిల్ల చేతిలో పని ఉండెడిది కాదు, ఎవరును ఆమెను పిలిచెడివారు కారు. పెండ్లి భయము, అత్తింటి సందేహములు, ఎవరితోను అనరాని మాటలు ఆ తలంటు నడుమనే మెల్లగా బయటపడెడివి. నూనె కంటె ఆ విశ్రాంతియే జుట్టునకు ఎక్కువ మేలు చేసియుండునని నా నమ్మకము.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల నడుమ గల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత కలదు. అనగా పెండ్లిపీటపై పూలజడతో కూర్చున్న ప్రతి ఇద్దరు వధువులలో ఒకరికి పైగా, పసుపు పూసిన ఆ చెక్కిళ్ళ క్రింద చాలినంత నెత్తురు లేనివారే యని భావింపవలసియున్నది. గర్భము లేని స్త్రీకి నూరు మిల్లీలీటర్ల రక్తమున 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలెను; అంతకు తక్కువైనచో రక్తహీనత యందురు. అందునకు ఇనుము లోపించుట ఒక ముఖ్య కారణము, ఆ లోపమే జుట్టు పలుచబడుటకును పేరెన్నిక గన్న కారణములలో ఒకటి. దువ్వెనకు ఎంటికెలు వచ్చుచున్నవని తల్లి వాపోయినపుడు, ఆ దువ్వెన చెప్పుచున్నది నూనె మార్చుమని కాదు. బిడ్డకు రక్తము చాలదని.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల యందు ఈ మాటను బీడీని విడిచి చెప్పుటకు వీలు లేదు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టు ఆ పనికి కూలి వేయింటికి ఇంత యని లెక్క. వేయి పూర్తి యగువరకు చాట ఒడిలో పెట్టుకొని మెడ వంచి కూర్చుండవలెను. నడుము లేవదు, ఆకలి వేళకు తెలియదు, నడుమ నడుమ చాయ త్రాగి ఆకలిని అణచుకొందురు. తంబాకు పొడి వ్రేళ్ళకు, బట్టలకు, జుట్టునకు పట్టును. అన్నముతో పాటుగా త్రాగిన చాయ అన్నములోని ఇనుమును దేహమునకు పట్టనీయదు. ఇది వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పిన సంగతి. పెక్కు మంది పిల్లలు తమ పెండ్లి బంగారమునకు తామే తులములో పాతికవంతు కూడబెట్టుకొందమను ఆశతో, వరపూజ జరిగిన పిదప మునుపటి కంటె ఎక్కువగా చాట ముందు కూర్చుండుటయు నేను ఎరుగుదును. ఏ మాసములలో దేహమును నింపుకొనవలెనో ఆ మాసములలోనే దేహమును హరించుకొనుచున్నారు. సుశ్రుతుడు తల నెరయుటకు కారణములు చెప్పునపుడు క్రోధము, శోకము, శ్రమ అను మూడింటిని పేర్కొనెను. ఈ మూడింటిలో మూడవదానిని మనము గుర్తింపము. ఆడపిల్ల శ్రమ మనకు శ్రమగా కనబడదు గనుక.

దీనికి తోడు సన్నబడవలెనను తలంపుతో రాత్రి భోజనము మానివేయుట ఒక క్రొత్త వ్రతముగా వ్యాపించినది. ఉపవాసమునకును, జ్వరమునకును, తీవ్రమైన మనోవ్యథకును జుట్టు వెంటనే రాలదు. రెండు మూడు మాసములు గడచిన పిమ్మట గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలును. కుదురులు ఒక్కసారిగా విశ్రాంతి దశలోనికి పోయి, ఆ దశ ముగియగానే వెంట్రుకను వదలుట దీనికి కారణము. అందుచేత వరపూజ నాడు మొదలుపెట్టిన పస్తు సరిగ్గా లగ్నము నాటికి తలపై కనబడును. శ్రావణ భాద్రపదములలో డెంగీతోనో టైఫాయిడ్‌తోనో పడుకొన్న పిల్లకు కార్తికమున ముహూర్తము పెట్టి, జుట్టు ఊడుచున్నదని దిష్టి తీయుట నిష్ప్రయోజనము. ఇట్లు రాలిన జుట్టు సాధారణముగా తిరిగి మొలచును. కావలసినది తిండి, ఓర్పు. దినమునకు 50 మొదలు 100 వెంట్రుకలు రాలుట ఎల్లరికిని సహజమనియు, దానికి బెంగపడవలదనియు కూడ పిల్లకు చెప్పవలెను.

మన పొలములు, మన వంటిండ్లు ఇందుకు చాలనివి కావు. తైదల అంబలి, సజ్జరొట్టె, నువ్వులు బెల్లము కలిపి దంచిన ముద్దలు, పల్లీలు, మునగాకు, తోటకూర. తినువారైనచో గ్రుడ్డు, మాంసము, మరియు కాలేయము. పప్పులో ఆకుకూరలో నిమ్మకాయ పిండినచో అందలి ఇనుము ఎక్కువగా ఒంటబట్టును. చాయ భోజనమునకు గంట ముందో గంట తరువాతనో త్రాగవలెను. రక్తము మరీ తక్కువైనచో తిండి యొక్కటియే చాలదు, వైద్యుడు చెప్పిన ఇనుము మాత్రలు మ్రింగవలెను. హిమోగ్లోబిన్ సరియైన పిమ్మటను దేహములోని నిలువ నిండుటకు మరి కొన్ని మాసములు మాత్రలు ఆపరాదు. వరపూజకును లగ్నమునకును నడుమ దైవము మనకిచ్చిన మూడు మొదలు ఆరు మాసముల గడువు సరిగ్గా ఈ పనికి సరిపోవునంతటిది. వధువు తల్లి పేర ప్రభుత్వము కల్యాణలక్ష్మి క్రింద 1,00,116 రూపాయలు ఇచ్చుచున్నది. విందునకు, పందిరికి, పార్లరుకు ఖర్చగు ధనములో ఎన్నవ వంతు పెట్టినచో ఒక పిల్లకు ఆరు మాసములు నువ్వులు, బెల్లము, గ్రుడ్లు వచ్చునో లెక్క చూచుకొనుట కష్టము కాదు.

సవరమును గూర్చి ఒక మాట. పూర్వము పెండ్లిచూపులలో జడ నిజమా సవరమా యని విప్పి చూచిన కాలము కలదు. ఆ అవమానము తలపై మోసిన ముత్తవ్వలను నేను చూచితిని. ఆ వెరపు నేటికిని పోలేదు. పోకపోగా, సొంత జుట్టే నిండుగా కనబడవలెనను పట్టుదల రసాయనముల వైపు నెట్టుచున్నది. సవరము మోసము కాదు. నాగరము, రాగిడి, చేర్చుక్క, జడకుప్పెలు ఎట్లు అలంకారములో సవరమును అట్టి అలంకారమే. పండుగ ముగిసిన సాయంకాలము విప్పి పెట్టెలో దాచుకొనవచ్చును, దాని వలన ఏ బంధమును త్రెగదు, ఏ ఆవిరియు ఎక్కదు. బరువు మాత్రము చూచుకొనవలెను. తడిపూలతో నిండిన పూలజడను పలుచని జుట్టునకు బిగించి గంటల తరబడి వ్రేలాడదీసినచో నుదుటి అంచున కుదురులు లాగుకొనిపోవును. కావున ముడి వదులుగా వేసి, పూలు తేలికగా కట్టుమని చెప్పుకొనవలెను. నన్నడిగినచో, సన్నని జడతో నవ్వుచు కూర్చున్న పెండ్లికూతురు కంటె కళగలది మరియొకటి లేదు. కాని నిండుజడయే కావలెనను వారికి సవరము కలదు, సిగ్గుపడక కట్టుకొనుడు.

మన పెండ్లి తంతును జాగ్రత్తగా చూచినచో అందలి ముఖ్యకార్యములన్నియు తలమీదనే జరుగుచున్నవి. సుముహూర్తమున జీలకర్ర బెల్లము ఉంచునది నడినెత్తిపై. తలంబ్రాలన్న మాటయే తల, ప్రాలు అను రెండు మాటల కలయిక, ప్రాలనగా బియ్యము. ఋగ్వేదము పదవ మండలములోని సూర్యా వివాహ సూక్తమున ఆ వధువునకు ఛందస్సే శిరోభూషణమైనదను వర్ణన కలదు. ఇక పెండ్లి పిదప ఆమె కేశములను తాకు మరియొక సంస్కారము సీమంతము. సీమ, అంతము అను పదములు కలిసినపుడు హద్దు అను అర్థమున 'సీమాంత'మనియు, పాపట అను అర్థమున మాత్రము హ్రస్వముతో 'సీమంత'మనియు నిలుచునని సంస్కృత వైయాకరణులు ప్రత్యేకముగా విధించిరి. ఆడదాని పాపటకు భాషయే ఒక మినహాయింపు ఇచ్చినదని తలంచినపుడు నాకు మనసు నిండును. గర్భవతి పాపటను భర్త దువ్వి తీయు ఆ సంస్కారము పెండ్లియైన ఏడాది తిరుగకముందే మన యిండ్లలో తరచుగా వచ్చుచున్నది. లగ్నము నాడు 9 గ్రాముల హిమోగ్లోబిన్‌తో పీట యెక్కిన పిల్ల, సీమంతము నాటికి బిడ్డకు కూడ రక్తము పంచవలసి వచ్చినపుడు, ప్రసవమున రక్తస్రావమైనపుడు, ఏ నిలువ నుండి తీసి ఇయ్యగలదు? జడ పలుచనైనచో సవరము కట్టుకొనవచ్చును. అక్కడ కట్టుకొనుటకు సవరము లేదు.

కావున రుద్రంగిలోను, ఈ చుట్టుపట్ల ఊళ్ళలోను రాబోవు లగ్నములకు పిల్లలను సిద్ధము చేయుచున్న తల్లులకు, తండ్రులకు, గల్ఫులో నుండి ఫోనులో మాట్లాడుచున్న వరులకును నా మనవి యిది. బాబూ, నీకు కాబోవు భార్యకు ఏ సెంటుసీసా తెత్తునని అడుగుటకు ముందు, ఆమె రాత్రి అన్నము తిన్నదా యని అడుగుము. పార్లరుకు పెట్టదలచిన ధనమును పూలకు, పూలజడ అల్లు చేతులకు పెట్టుడు. వరపూజ ముగిసిన మరునాడు, పెండ్లిపత్రికలు అచ్చునకు ఇచ్చుటకు ముందే, బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయి హిమోగ్లోబిన్ పరీక్ష చేయింపుడు. ఆ సాయంకాలమే ఆమె ఒడిలోని బీడీల చాటను తీసి గోడకు చేర్చుడు.